పట్టికలో కనిపించని ఇంటిభాష: విద్యా అసమానతల అధ్యయనంలో బహిరంగ దత్తాంశం – లంబాడీ భాష ఉదాహరణ

వ్యాససంగ్రహం

ప్రభుత్వాలు అందరికీ అందుబాటులో ఉంచిన గణాంకాలు ఇవాళ విద్య, సంస్కృతి, సామాజిక అసమానతల పరిశోధనకు ముఖ్యమైన ఆకరాలయ్యాయి. తెలుగు శాఖల్లో జరిగే పరిశోధనల్లోనూ వీటి వినియోగం పెరుగుతోంది. అయితే ఈ అంకెలను ఏ వర్గీకరణ తయారుచేసిందో పరిశీలించకుండానే వాటిని ప్రమాణంగా స్వీకరించడం కనిపిస్తోంది. 2011 జనగణన భాషా పట్టికల్లో లంబాడీ భాషకు దక్కిన స్థానాన్ని ఉదాహరణగా తీసుకుని, గణాంక పట్టికను కూడా ఒక పాఠంగా చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భాషా పట్టికలు, తెగల పట్టికలు, పాఠశాల లెక్కలు, పాఠ్యపుస్తకాలు, సాహిత్యం అనే భిన్న ఆకరాలను పక్కపక్కన పెట్టి చదివితే తప్ప తండా పిల్లల చదువులో భాష పాత్ర బోధపడదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బహిరంగ దత్తాంశం, జనగణన, మాతృభాష, లంబాడీ, గోర్ బోలి, విద్యా అసమానత, బోధనా మాధ్యమం, వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించేవారికి ప్రవేశాల సమయంలో దరఖాస్తులు సరిచూసే బాధ్యత కూడా ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, కులం, ఆదాయం తర్వాత ‘మాతృభాష’ అనే గడి ఒకటి వస్తుంది. తండాల నుంచి వచ్చే విద్యార్థులు చాలామంది అందులో ‘తెలుగు’ అని రాస్తారు. ఖాళీగా వదిలేస్తే పరిశీలించేవారే ఆ మాట రాసి పూర్తిచేస్తారు. కొన్నేళ్ల పాటు నేనూ అదే చేశాను. ఒకసారి ఒక విద్యార్థిని, “సార్, మా యాడికి తెలుగు సరిగా రాదు. ఇంట్లో మేం గోర్ బోలే మాట్లాడుకుంటాం. మరి ఇక్కడ తెలుగు అని ఎందుకు రాశారు?” అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఒక దరఖాస్తులో జరిగిన పొరపాటును దిద్దవచ్చు. కానీ అలాంటి వేల దరఖాస్తులు కలిసి పట్టికగా మారి, ఆ పట్టికను పరిశోధకులు ఆకరంగా ఉదాహరిస్తే, అందులో తొలగిపోయిన భాష తిరిగి కనిపించదు. ‘ఈ కళాశాల విద్యార్థుల్లో అత్యధికుల మాతృభాష తెలుగు’ అన్న వాక్యం ఒక సిద్ధాంత గ్రంథంలోకి ఎక్కుతుంది. దాని ఆధారంగా మరొక నిర్ణయం జరుగుతుంది. ఇది ఒక కళాశాలకు పరిమితమైన సమస్య కాదని జనగణన భాషా పట్టికలు చూసినప్పుడు నాకు అవగతమైంది. అక్కడ లంబాడీ భాష తెలుగులో కలవలేదు. హిందీలో కలిసింది.

2. బహిరంగ దత్తాంశం – స్వరూపం

ఎవరైనా రుసుము లేకుండా, ప్రత్యేక అనుమతి అక్కరలేకుండా పొంది, తిరిగి విశ్లేషించుకునేందుకు వీలుగా ప్రచురించిన సమాచారాన్ని బహిరంగ దత్తాంశం అంటున్నాం. వాడుకలో ఓపెన్ డేటా అనే మాట స్థిరపడింది. భారత ప్రభుత్వం 2012లో జాతీయ దత్తాంశ పంపిణీ విధానాన్ని ప్రకటించింది. అదే ఏడాది జాతీయ స్థాయి ఓపెన్ డేటా వేదిక ఏర్పడింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో తన సొంత ఓపెన్ డేటా విధానాన్ని రూపొందించుకుంది. జనగణన పట్టికలు, పాఠశాల విద్యకు సంబంధించిన యుడైస్ ప్లస్ నివేదికలు, ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, జాతీయ నమూనా సర్వే ఫలితాలు ఇవాళ ఏ మండల కేంద్రంలో ఉన్న అధ్యాపకుడికైనా అందుతున్నాయి.

ఇది చిన్న మార్పు కాదు. ఒకప్పుడు జనగణన సంపుటం చూడాలంటే నగరంలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లవలసి వచ్చేది. పెద్ద సంస్థల్లో లేని పరిశోధకులకు ఈ అందుబాటు ఎంతో మేలు చేసింది. ఈ వ్యాసంలో వాడిన అంకెలు కూడా ఆ విధంగా లభించినవే. కనుక ఈ విమర్శ బహిరంగ దత్తాంశాన్ని నిరాకరించేది కాదు. అందుబాటులో ఉన్నదంతా అర్థమైనట్టేనన్న భావనను మాత్రమే ఇది ప్రశ్నిస్తుంది. తాళపత్ర ప్రతిని చూసినప్పుడు లేఖకుడెవరు, పాఠాంతరాలు ఏవి, ప్రక్షిప్తాలు ఎక్కడ అని అడగడం తెలుగు పరిశోధకులకు అలవాటు. అదే అలవాటును పట్టికకూ వర్తింపజేయాలి.

3. తల్లి మాట – పట్టికలో పేరు

జనగణన ఇచ్చే మాతృభాషా నిర్వచనం స్పష్టంగా ఉంది. బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష మాతృభాష. తల్లి శైశవంలోనే మరణిస్తే, బాల్యంలో ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాషను నమోదు చేయాలి. కుటుంబ సభ్యులు చెప్పిన పేరును ఉన్నది ఉన్నట్టుగా రాయాలనీ, అది భాషా, మాండలికమా అని ఎన్యూమరేటర్ నిర్ణయించనక్కరలేదనీ సూచనలు చెబుతాయి. ఇంటి గడప దగ్గర జరిగే ఈ తొలి దశలో తల్లి మాటకే ప్రాధాన్యం.

అసలు మార్పు ఆ తర్వాతి దశల్లో జరుగుతుంది. 2011లో ప్రజలు చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. కోల్‌కతాలోని జనగణన భాషా విభాగం వీటిని పరిశీలించి, పేరులోని భేదాలను తొలగించి, 1,369 మాతృభాషలుగా క్రమబద్ధీకరించింది. మరో 1,474 పేర్లు వర్గీకరణకు లొంగక ‘ఇతర’ శ్రేణిలో చేరాయి. దేశం మొత్తంమీద పదివేల మందికి తక్కువగా మాట్లాడేవారున్న మాతృభాషలు విడిగా కనిపించవు. మిగిలినవాటిని భాషా శీర్షికల కింద చేర్చగా 121 భాషలు తేలాయి. వాటిలో 22 ఎనిమిదో షెడ్యూలు భాషలు, 99 ఆ షెడ్యూలులో లేనివి. ఈ వివరాలు లెక్కింపు జరిగిన ఏడేళ్లకు, 2018లో వెలువడ్డాయి.

ఇందులో ‘మాతృభాష’, ‘భాష’ అనే మాటలు పర్యాయపదాలు కావన్నది గమనార్హం. మాతృభాష అంటే క్రమబద్ధీకరించిన పేరు. భాష అంటే అటువంటి కొన్ని పేర్లను కలిపి ఉంచిన శీర్షిక. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు, మన పరిశోధన వ్యాసాలు ఉదాహరించేది దాదాపు ఎప్పుడూ శీర్షికల అంకెలనే. శీర్షిక కింద ఉన్న వరుసలను తెరిచి చూసేవారు అరుదు.

4. లంబాడీ వరుస

2011లో హిందీని మాతృభాషగా లెక్కించిన సంఖ్య 52.83 కోట్లు. దేశ జనాభాలో ఇది 43.63 శాతం. ఈ శీర్షికను తెరిస్తే దాని కింద యాభైకి పైగా మాతృభాషలు కనిపిస్తాయి. భోజ్‌పురి 5.06 కోట్లు, రాజస్థానీ, ఛత్తీస్‌గఢీ, అవధీ మొదలైనవన్నీ అక్కడే ఉన్నాయి. హిందీ అనే పేరుతోనే చెప్పినవారు 32.22 కోట్లు. ఈ జాబితాలోనే ‘లమాణీ/లంబాడీ’ అనే వరుసలో 32,76,548 మంది, ‘బంజారీ’ అనే వేరొక వరుసలో 15,81,271 మంది ఉన్నారు.

ఒకే సమాజం భిన్న ప్రాంతాల్లో భిన్న నామాలతో వ్యవహరింపబడుతుంది. తెలంగాణలో లంబాడీ, రాయలసీమలో సుగాలి, కర్ణాటకలో లమాణీ, మహారాష్ట్రలో బంజారా. వారు తమను గోర్ అనీ, తమ భాషను గోర్ బోలి అనీ అంటారు. పట్టికలోని రెండు వరుసలనూ కలిపితే 48,57,819 మంది అవుతారు. ఈ సంఖ్యను ఎనిమిదో షెడ్యూలు భాషలతో పోల్చి చూద్దాం. నేపాలీ 29.26 లక్షలు, సింధీ 27.72 లక్షలు, డోగ్రీ 25.97 లక్షలు, కొంకణి 22.57 లక్షలు, మణిపురి 17.61 లక్షలు, బోడో 14.83 లక్షలు, సంస్కృతం 24,821. ఈ ఏడు భాషల్లో ప్రతి ఒక్కదాని కంటే గోర్ బోలి మాట్లాడేవారు ఎక్కువ. అయినా 121 భాషల జాబితాలో దానికి ప్రత్యేక స్థానం లేదు. హిందీ మొత్తంలో వీరి వాటా ఒక శాతం కూడా లేదు. వీరిని వేరుచేస్తే హిందీకి కలిగే నష్టం లెక్కలోకి రానంత స్వల్పం. కలిపివేయడం వల్ల గోర్ బోలికి మాత్రం భాషగా ఉనికే లేకుండా పోయింది.

వర్గీకరణకు భాషాశాస్త్ర కారణం ఉందా? జార్జ్ గ్రియర్సన్ భారతీయ భాషా సర్వేలో లభాణీ లేక బంజారీని భీలీ భాషలు, ఖాందేశీలతో పాటు తొమ్మిదో సంపుటం మూడో భాగంలో చర్చించాడు. నేటి జనగణనలో భీలీ, ఖాందేశీ రెండూ హిందీకి వెలుపల స్వతంత్ర భాషలుగా ఉన్నాయి. వాటితో కలిసి ఒకే సంపుటంలో ఉన్న బంజారీ మాత్రం హిందీ కిందకు చేరింది. ఆ సర్వే పరిధిలోకి మద్రాసు రాజధాని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. దక్కనులోని లంబాడీల వాడుకను క్షేత్రస్థాయిలో వివరించే అవకాశం తొలి సర్వేలోనే తప్పిపోయింది.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ కోయ. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి ద్రావిడ భాషాశాస్త్రవేత్తలు కోయను గోండి మాండలికంగా పరిగణించారు. జనగణన మాత్రం గోండిని 29.84 లక్షలతో, కోయను 4.07 లక్షలతో రెండు భాషలుగా చూపుతుంది. ఒకచోట మాండలికానికి స్వతంత్ర భాషా ప్రతిపత్తి లభించింది. మరొకచోట స్వతంత్ర భాషకు మాండలికపు స్థానమే దక్కింది. కోయను వేరుగా చూపడం తప్పని నా వాదన కాదు. శీర్షికలు ఒకే భాషాశాస్త్ర సూత్రం మీద ఏర్పడలేదన్నదే ఇక్కడి అంశం.

మరొక వైరుధ్యం పరిపాలనలో ఉంది. ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలన్న విజ్ఞప్తులు ఉన్న 38 భాషల జాబితా కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వద్ద ఉంది. అందులో బంజారా ఒకటి. జనగణన కార్యాలయం కూడా అదే మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. ఒక దస్త్రంలో గుర్తింపు కోరుతున్న భాష, అదే శాఖ మరో పట్టికలో హిందీలో భాగం.

5. బడి లెక్కల్లో ఇంటిభాష

ఈ వర్గీకరణకూ విద్యా అసమానతకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించాలి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత 49.2 శాతం. తెగల స్త్రీలలో అది 40 శాతం దగ్గర ఉంది. దేశవ్యాప్తంగా షెడ్యూల్డ్ తెగల సగటు 59 శాతం. అంటే తెలుగు నేలపై తెగల వారి అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే దాదాపు 18 శాతాంశాలు, దేశంలోని తెగల సగటు కంటే దాదాపు 10 శాతాంశాలు తక్కువ. ఇది బహిరంగ దత్తాంశం చూపిన నిజం. దాన్ని చూడగలగడం ఆ దత్తాంశం చేసిన మేలు.

ఎందుకు అన్న ప్రశ్న దగ్గర పట్టికలు విడిపోతాయి. జనగణనలో ఏడేళ్లు, ఆపై వయసు ఉండి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారు అక్షరాస్యులు. ‘ఏదైనా ఒక భాష’ అన్న మాటలో ఒక అసమానత దాగి ఉంది. తెలుగింటి పిల్ల తాను మాట్లాడే భాషలోనే అక్షరాస్యురాలవుతుంది. తండా పిల్ల మరొక భాష నేర్చుకుని, ఆ భాషలో అక్షరాస్యురాలు కావాలి. పట్టికలో ఇద్దరూ ఒక్కొక్క అంకె. ఇద్దరూ నడిచిన దూరం మాత్రం ఒకటి కాదు. మాతృభాష వారీగా అక్షరాస్యతను చూపే పట్టిక భాషా శ్రేణిలో లేదు. ద్విభాషితను విద్యాస్థాయితో కలిపి చూపే పట్టిక ఉన్నా, అది ఎన్ని భాషలు వచ్చో చెబుతుంది తప్ప ఏ ఇంటిభాష వారు ఎంతవరకు చదివారో చెప్పదు.

పాఠశాల లెక్కల సంగతి కూడా ఇదే. యుడైస్ ప్లస్ నివేదికలు విద్యార్థులను సామాజిక వర్గం వారీగా చూపుతాయి. అక్కడ లంబాడీ, కోయ, గోండు, కోలాం, చెంచు అందరూ ‘ఎస్టీ’ అనే ఒకే గడిలో ఉంటారు. తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జనాభాలో సగానికి పైగా లంబాడీలే కనుక, ఎస్టీ సగటు ప్రధానంగా వారి స్థితినే సూచిస్తుంది. చెంచు పిల్లల స్థితి ఆ సగటులో కనిపించదు. ఒక భాష విషయంలో కనిపించకుండా పోయిన లంబాడీ, తెగల సగటులో మరొకరిని కనిపించకుండా చేస్తున్నారన్నమాట. ఇందులో ఏ సమాజం తప్పూ లేదు. అది గడి పరిమాణం తెచ్చిన సమస్య.

బోధనా మాధ్యమం లెక్కలను కూడా ఈ దృష్టితో చూడవచ్చు. 2019-20 నాటికే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆంగ్ల మాధ్యమంలో నమోదైన పిల్లలు సగానికి మించారు. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టింది. దీనిపై తెలుగు మేధావుల చర్చ అంతా తెలుగా, ఇంగ్లీషా అన్న చట్రంలోనే నడిచింది. తండా పిల్లలకు ఈ రెండూ పరభాషలే. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషా బోధననే కోరుతుంది. ‘మాతృభాషలో విద్య’ అని మనం నినదించినప్పుడు తెలుగునే ఉద్దేశించామా, పిల్లల తల్లుల భాషలన్నింటినీ ఉద్దేశించామా అన్నది స్పష్టం చేయాలి.

6. పట్టికకు వెలుపలి ఆకరాలు

గణాంకంలో పోయిన భాష ఇతర ఆకరాల్లో బతికే ఉంది. వాటిలో మొదటిది పాఠ్యపుస్తకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో బహుభాషా విద్యా కార్యక్రమం చేపట్టింది. గోండి, కోయ, కోలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపిలో ప్రాథమిక వాచకాలు రూపొందాయి. ఇంటిభాషలో చదువు ప్రారంభించి, క్రమంగా తెలుగులోకి తీసుకురావడం దాని పద్ధతి. ఆ కార్యక్రమం అన్ని గూడేలకూ, తండాలకూ చేరలేదు. కానీ ఒక చారిత్రక ఆధారంగా దాని విలువ తక్కువ కాదు. బంజారా పిల్లవాడికి తెలుగు వాచకం చాలదనీ, వాడి భాషలోనే వాచకం కావాలనీ ఒక రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించిన పత్రం అది. ఆ భాషను జనగణన హిందీగా లెక్కించింది. హిందీ వాచకంతో తండా పిల్లవాడి సమస్య తీరుతుందని ఏ ఉపాధ్యాయుడూ అనడు.

ఈ మార్గానికి తెలుగులో పూర్వరంగం ఉంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మనం స్మరించే గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం బడులు నడిపి, వాచకాలు రాశారు. ఆయన సవర భాషా వివరణ గ్రంథం 1931లో వెలువడింది. బడి భాష పిల్లవాడి నోటి భాషకు దగ్గరగా ఉండాలన్న ఆయన వాదం తెలుగు పిల్లలకు మాత్రమే పరిమితమైనది కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనం ఆయన కృషిలో ఒక భాగాన్నే వారసత్వంగా స్వీకరించాం. అదేవిధంగా భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలను ప్రజల నోటి నుంచే సేకరించి అమర్చింది. దత్తాంశ సేకరణ తెలుగు శాఖలకు కొత్త విద్య కాదని ఈ రెండు ఉదాహరణలూ విశదం చేస్తున్నాయి.

రెండో ఆకరం సాహిత్యం. రమేశ్ కార్తీక్ నాయక్ కవితా సంపుటి ‘బల్దేర్ బండి’, కథా సంపుటి ‘ఢావ్లో’ తండా జీవితాన్ని తెలుగు పాఠకుల ముందుంచాయి. ‘ఢావ్లో’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. పురస్కారాల పట్టికలో అది తెలుగు గ్రంథం. ఆ నమోదు సరైనదే. అయినా ఆ శీర్షిక తెలుగు మాట కాదు. పెళ్లి సందర్భంలో పుట్టింటిని విడిచే గోర్ వధువు పాడే శోక గీతానికి అది పేరు. తెలుగు పుస్తకానికి ఆ పేరు పెట్టడంలోనే రచయిత భాషాస్థితి ఉంది. రాసింది బడిలో నేర్చిన భాషలో. పేరు పెట్టింది తల్లి భాషలో. పురస్కారాల దత్తాంశం ఈ రెండో భాషను నమోదు చేయలేదు. దాన్ని చెప్పగలిగింది విమర్శకుడే.

7. తెలుగు శీర్షిక కింద

ఈ విమర్శను హిందీ శీర్షికకు మాత్రమే పరిమితం చేస్తే అది పాక్షికమవుతుంది. 2001లో 7.40 కోట్లతో, 7.19 శాతంతో దేశంలో మూడో స్థానంలో ఉన్న తెలుగు, 2011లో 8.11 కోట్లతో, 6.70 శాతంతో నాలుగో స్థానానికి వచ్చింది. మరాఠీ మూడో స్థానానికి చేరింది. ఈ మార్పుపై మన సభల్లో ఆవేదన వ్యక్తమవుతూనే ఉంది. అయితే మనం లెక్కించుకునే ఈ 8.11 కోట్లు కూడా శీర్షిక సంఖ్యే. అందులో మహారాష్ట్ర, కర్ణాటకల్లో వడార్ సమాజం మాట్లాడే వడారి ఒక వరుసగా ఉంది. వడారి తెలుగుకు సన్నిహితమైనదే. ఆ కలయికకు భాషాశాస్త్ర సమర్థన ఉంది. కానీ వడారి మాట్లాడేవారిని సంఖ్య కోసం లెక్కించి, వారి వాడుకను మన మాండలిక అధ్యయనాల్లో, పాఠ్యప్రణాళికల్లో పట్టించుకోకపోవడం ఏ విధంగా సమంజసం?

కళాశాల దరఖాస్తులో తండా విద్యార్థి భాషను తెలుగుగా రాసినప్పుడు మన శాఖకు ఒక ప్రయోజనం ఉంది. తెలుగును మాతృభాషగా చదివేవారి సంఖ్య పెరుగుతుంది. పెద్ద భాషలు చిన్న భాషలను లెక్కల్లో కలుపుకుంటాయని హిందీని విమర్శించే నైతిక అర్హత, మన గడిని మనం సరిదిద్దుకున్నాకే మనకు వస్తుంది.

8. పరిశోధకులు అనుసరించదగిన పద్ధతి

మొదటిది, అంకెకు ముందు నిర్వచనం చదవాలి. ప్రశ్న ఏమిటి, ఎవరిని అడిగారు, సమాధానాన్ని ఏ గడిలో చేర్చారు అన్నవి తెలియకుండా పట్టికను ఉదాహరించకూడదు.

రెండోది, శీర్షిక కింది వరుస వరకు వెళ్లాలి. జనగణన మాతృభాషా పట్టిక, అంటే సి-16, జిల్లా, మండల స్థాయుల్లోనూ లభిస్తుంది. లమాణీ/లంబాడీ వరుస అందులో విడిగానే ఉంది. జనగణన ఆ భాషను దాచలేదు. కింది వరుసలో ఉంచింది. దాన్ని మన మండలానికి వెలికితీయడం ఒక పరిశోధక విద్యార్థి కూడా చేయగల పని. బహిరంగ దత్తాంశం నిజంగా బహిరంగమయ్యేది అక్కడే.

మూడోది, భాషా పట్టికను తెగల పట్టికతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డ్ తెగగా ఉన్న లంబాడీలు కర్ణాటకలో షెడ్యూల్డ్ కులాల జాబితాలో, మహారాష్ట్రలో విముక్త సంచార జాతుల జాబితాలో ఉన్నారు. కనుక దేశస్థాయిలో ఈ పోలిక చెల్లదు. రాష్ట్రం లోపల తెగ జనాభా కంటే భాష చెప్పినవారు తక్కువగా కనిపిస్తే, వెంటనే భాష అంతరిస్తోందని నిర్ణయించకూడదు. కొందరు బంజారీ అనీ, కొందరు తెలుగు అనీ చెప్పి ఉండవచ్చు. కొందరి విషయంలో ఎన్యూమరేటరే ఊహించి రాసి ఉండవచ్చు. ఎన్యూమరేటర్లలో ఉపాధ్యాయులు ఎక్కువమంది అన్నది మనం మరవరాదు.

నాలుగోది, సరిహద్దుల మార్పు. 2011 పట్టికల్లో తెలంగాణ ప్రాంతానికి 10 జిల్లాలు. ఇప్పుడు 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. మండలాలను ఆధారం చేసుకుని పాత, కొత్త జిల్లాలను అనుసంధానించకుండా పెరుగుదల, తగ్గుదల లెక్కించడం దోషభూయిష్ఠమవుతుంది.

ఐదోది, క్షేత్రసేకరణ. పట్టికలో ఖాళీ ఉన్నచోట పరిశోధకుడు తండాకు వెళ్లాలి. అయితే సేకరించినదంతా ప్రచురించకూడదు. ముప్పై ఇళ్లున్న తండాలో వయసు, చదువు, కుటుంబ వివరాలు పక్కపక్కన పెడితే పేరు లేకపోయినా వ్యక్తిని గుర్తుపట్టవచ్చు. వారి అనుమతి, గోప్యత పరిశోధన నీతిలో భాగం.

9. కొన్ని అభ్యంతరాలు

19,569 పేర్లను యథాతథంగా అచ్చువేస్తే పట్టిక ఉపయోగపడదు, వర్గీకరణ అనివార్యం అని వాదించవచ్చు. అది నిజం. అయితే వర్గీకరణ అవసరం కావడం వేరు, ఒకానొక వర్గీకరణ సరైనది కావడం వేరు. పైగా శీర్షికతో పాటు కింది వరుసను కూడా ఉదాహరించడానికి ఏ అడ్డంకీ లేదు.

తండాల తల్లిదండ్రులే పిల్లలకు ఇంగ్లీషు కావాలంటున్నారు కదా అన్నది మరొక అభ్యంతరం. ఈ కోరికను తేలికగా తీసుకునే హక్కు తెలుగు అధ్యాపకులకు లేదు. మన పిల్లలను ఆంగ్ల మాధ్యమంలో చదివిస్తూ తండా పిల్లలకు మాతృభాషా మహిమను బోధించడం ఆత్మవంచన. ఇంటిభాషలో చదువు ప్రారంభించడం ఇంగ్లీషుకు ప్రత్యామ్నాయం కాదు. తరగతి గదిలో మొదటి రోజు వినిపించే మాట అర్థం కావడానికి అది సాధనం. ఆ సాధనం ఏ తండాలో ఎంతమందికి అవసరమో తెలియాలంటే ముందు ఆ భాష పేరు లెక్కలో ఉండాలి.

అన్ని అసమానతలకూ భాషే కారణమని కూడా ఈ వ్యాసం చెప్పడం లేదు. వలస, పేదరికం, బడి దూరం, ఆడపిల్లల బాల్యవివాహాలు తండాల చదువును శాసిస్తున్నాయి. వీటిలో చాలావాటికి పట్టికలున్నాయి. భాషకు మాత్రం సరైన గడి లేదు. లేని గడి గురించి ఎవరూ ప్రశ్నించరు కనుకనే దాన్ని ఇక్కడ చర్చించవలసి వచ్చింది.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• బహిరంగ దత్తాంశం అసమానతను కనిపెట్టడానికి బలమైన సాధనం. కానీ దాని వర్గీకరణ కొన్ని అసమానతలను చూపుతూనే మరికొన్నింటిని మరుగుపరుస్తుంది.

• 48 లక్షలకు పైగా మాట్లాడే గోర్ బోలి 2011 భాషా జాబితాలో హిందీ శీర్షిక కిందకు చేరడం స్థిరమైన భాషాశాస్త్ర సూత్రం వల్ల జరిగింది కాదు. భీలీ, ఖాందేశీ, కోయ ఉదాహరణలు దీన్ని సమర్థిస్తున్నాయి.

• ఇంటిభాషకూ విద్యాస్థాయికీ గల సంబంధాన్ని చూపే పట్టిక లేకపోవడం వల్ల, తండా పిల్లల వెనుకబాటులో భాష పాత్ర అంచనాకు అందడం లేదు.

• పాఠ్యపుస్తకాలు, సాహిత్యం గణాంకాల ఖాళీలను గుర్తించే ఆకరాలు. ఈ గుర్తింపు తెలుగు పరిశోధకుల ప్రత్యేక సామర్థ్యం.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1 గణన తేదీగా ప్రకటించారు. అది డిజిటల్ పద్ధతిలో, స్వీయ నమోదు అవకాశంతో, కులాల వివరాలతో జరగనుంది. కులగణన మీద విస్తృత చర్చ జరుగుతున్న ఈ సమయంలో భాష గడి మీద కూడా అంతే శ్రద్ధ అవసరం. తండాల్లో ఎన్యూమరేటర్లుగా వెళ్లే ఉపాధ్యాయుల్లో చాలామంది మన కళాశాలల్లో చదివినవారే. తల్లి చెప్పిన పేరును అలాగే రాయాలన్న ఒక్క సూచనను వారికి ముందుగా వివరించడం మన పరిధిలోని పని. నా వరకు నేను, ప్రవేశాల సమయంలో ఆ గడిని ఖాళీగా చూస్తే పూరించడం మానేశాను. విద్యార్థిని అడిగి, వారు చెప్పిన పేరే రాస్తున్నాను.